గ్యాస్కెట్ దగ్గర సిలికాన్: ఎక్కడ కావాలి, ఎక్కడ వద్దు

కారు ఇంజిన్‌ను ఒకే ముద్దగా పోత పోయరు. సిలిండర్ బ్లాక్, దాని మీద హెడ్, ఆ పైన ట్యాపెట్ కవర్, ముందువైపు టైమింగ్ కవర్, అడుగున ఆయిల్ చాంబర్ ఇలా విడివిడిగా తయారైన భాగాలను బోల్టులతో బిగించి ఒక్కటి చేస్తారు. రెండు భాగాలు కలిసే ప్రతిచోటా ఒక అతుకు ఉంటుంది. ఆ అతుకులోంచి ఆయిలు, కూలెంటు, గ్యాసు బయటికి రాకుండా ఆపే పలుచని పొరే గ్యాస్కెట్. తెలుగునాట మెకానిక్ షెడ్లలో దీన్ని ప్యాకింగ్ అంటారు. ఈ ప్యాకింగుకు తోడుగానో, కొన్నిచోట్ల దానికి బదులుగానో వాడే పేస్టు సిలికాన్ సీలెంట్. ట్యూబును నొక్కితే టూత్‌పేస్టులా బయటికి వస్తుంది. గాలి తగిలాక గట్టిపడి రబ్బరవుతుంది.

తగిన చోట తగినంత వేస్తే ఏళ్ల తరబడి చుక్క ఆయిలు కారదు. చోటు తప్పినా, మోతాదు మించినా అదే పేస్టు ఇంజిన్ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే గ్యాస్కెట్ పని ఏమిటో, సిలికాన్ పని ఏమిటో విడివిడిగా తెలుసుకోవడం మెకానిక్కుకే కాదు, కారు యజమానికీ అవసరం.

గ్యాస్కెట్ లీకును ఎలా ఆపుతుంది

అద్దంలా నున్నగా కనిపించే లోహపు ముఖం మీద కూడా కంటికి ఆనని ఎత్తుపల్లాలుంటాయి. అలాంటి రెండు ముఖాలను ఎంత గట్టిగా బిగించినా ఎత్తులు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. పల్లాల గుండా ఆయిలు దారి చేసుకుంటుంది. మధ్యలో లోహం కన్నా మెత్తని పొర ఒకటి ఉంటే బోల్టు బిగువుకు అది నలిగి ఆ పల్లాల్లోకి దిగుతుంది. అంటే లీకును ఆపేది గ్యాస్కెట్ ఒక్కటే కాదు, దాని మీద పడే ఒత్తిడి కూడా. బోల్టు వదులైతే కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది.

ఇంజిన్ వేడెక్కి చల్లారినప్పుడల్లా భాగాలు సాగుతాయి, ముడుచుకుంటాయి. అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజిన్లో అతుకు దగ్గర ఈ రాపిడి ప్రతి ప్రయాణంలోనూ జరుగుతుంది. దాన్ని తట్టుకుంటూ, నలిగినా మళ్లీ పైకి లేచే గుణం గ్యాస్కెట్‌కు ఉండాలి.

అందువల్ల ఒక్కోచోట ఒక్కో రకం వాడతారు. థర్మోస్టాట్ హౌసింగ్, పాతకాలపు గేర్‌బాక్స్ మూతల దగ్గర కాగితపు ప్యాకింగ్ ఉంటుంది. రేకుతో చేసిన పాత ఆయిల్ చాంబర్లకు కార్కు, అంటే సీసా బిరడాలు చేసే బెండు ప్యాకింగ్ వేసేవారు. ఇప్పటి కార్లలో ట్యాపెట్ కవర్‌కు అచ్చు పోసిన రబ్బరు గ్యాస్కెట్ వస్తోంది. కవర్ అంచున ఉన్న గాడిలో అది కూర్చుంటుంది. అన్నిటికన్నా కష్టమైన పని హెడ్ గ్యాస్కెట్‌ది. ఒకప్పుడు దీనిలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని నారపొడి ఊపిరితిత్తులకు హానికరమని తేలాక గ్రాఫైట్ మిశ్రమాలు, ఆ తర్వాత పలుచని స్టీలు రేకులను పొరలుగా పేర్చిన గ్యాస్కెట్లు వచ్చాయి.

గది వేడిమికే గట్టిపడే రబ్బరు

సిలికాన్ రబ్బరుకు ఆధారమైన మూలకం ఇసుకలో ఉండే సిలికానే. ఆ మూలకమూ ఆక్సిజనూ ఒకటి విడిచి ఒకటిగా దండలా గుచ్చుకుంటే దాని వెన్నెముక తయారవుతుంది. మామూలు రబ్బరుకు కార్బన్ గొలుసు వెన్నెముక. సిలికాన్, ఆక్సిజన్ల బంధం కార్బన్ బంధం కన్నా బలమైనది కాబట్టి ఈ రబ్బరు వేడికి త్వరగా పెళుసెక్కదు. మంచి రకాలు 250 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి. ఇంజిన్ ఆయిలు సాధారణంగా 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కనుక చాంబర్ దగ్గర దానికి ఇబ్బంది లేదు.

షెడ్డులో దీన్ని ఆర్‌టీవీ అని కూడా అంటారు. గది వేడిమి దగ్గరే వల్కనైజ్ అయ్యేదని ఆ పొడి అక్షరాలకు అర్థం. జిగటగా ఉండే పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన ప్రక్రియే వల్కనైజేషన్. సిలికాన్ పేస్టుకు పొయ్యి అక్కర్లేదు, గాలిలోని తేమ చాలు. అయితే తేమ పైనుంచి లోపలికి మెల్లగా ఇంకాలి. 10, 15 నిమిషాల్లో పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కడుతుంది. లోపల మాత్రం 24 గంటలకు 2, 3 మిల్లీమీటర్ల లోతు వరకే గట్టిపడుతుంది.

ఇది గాలిలోని తేమ మీద ఆధారపడిన పని కాబట్టి ఊరిని బట్టి, కాలాన్ని బట్టి వేగం మారుతుంది. కాకినాడ, విశాఖపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో పొర త్వరగా కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం పొడిగాలికి అదే పేస్టు ఎక్కువ సమయం తీసుకుంటుంది. ట్యూబు మీద రాసిన గంటలు ఒక మోస్తరు తేమను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

గ్యాస్కెట్‌తో పాటు ఎక్కడ వేయాలి

గ్యాస్కెట్‌తో కలిపి సిలికాన్ వేయాల్సిన ముఖ్యమైన చోటు, మూడు భాగాలు కలిసే మూల. బ్లాక్ ముందుభాగానికి టైమింగ్ కవర్ బిగిస్తారు. ఆ రెండింటి అడుగుకీ కలిపి ఆయిల్ చాంబర్ వస్తుంది. బ్లాకూ కవరూ కలిసే గీత చాంబర్ ముఖాన్ని తాకే చోట రెండు అంచులూ ఎంత జాగ్రత్తగా బిగించినా వెంట్రుకవాసి ఎత్తు తేడాగానీ, సన్నని సందుగానీ మిగులుతుంది. గ్యాస్కెట్ ఆ మెట్టు మీద వంతెనలా నిలబడిపోతుంది. దాని కిందినుంచి ఆయిలు కారుతుంది. ఆ మూలలో పెసరగింజంత సిలికాన్ పెట్టి ఆపైన గ్యాస్కెట్ వేస్తే సందు పూడుకుపోతుంది.

ట్యాపెట్ కవర్ తీసినప్పుడు కూడా ఇలాంటి చోట్లే కనిపిస్తాయి. క్యామ్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే మొదటి క్యాపు హెడ్ ముఖం మీద కూర్చుని అర్ధచంద్రాకారంగా పైకి లేస్తుంది. సమతలం ముగిసి వంపు మొదలయ్యే చోట రబ్బరు గ్యాస్కెట్ ఒక్కసారిగా మలుపు తిరగాలి. ఆ లోపలి మూలలో అది పూర్తిగా ఆనదు. చాలా ఇంజిన్ల రిపేరు పుస్తకాల్లో ఈ మూలల బొమ్మ వేసి, అక్కడ మాత్రమే సిలికాన్ చుక్క పెట్టాలని చూపిస్తారు. మిగతా చుట్టుకొలత అంతా గ్యాస్కెట్ పొడిగానే కూర్చోవాలి.

కాగితం, కార్కు ప్యాకింగుల సంగతి వేరు. ముఖం మీద తుప్పు గుంటలు, పాత గీతలు ఉంటే రెండువైపులా పలుచని పూత వేయడం ఉపయోగపడుతుంది. పూత అంటే వేలితో పూసి తుడిచేసినంత పలుచగా ఉండాలి. బిగించేటప్పుడు ప్యాకింగ్ పక్కకి జరగకుండా కూడా ఆ పూత పట్టి ఉంచుతుంది.

గ్యాస్కెట్ లేకుండా సిలికాన్ ఒక్కటే వాడే అతుకులు కూడా ఉన్నాయి. ఇప్పటి చాలా కార్లలో ఆయిల్ చాంబర్‌కు ఫ్యాక్టరీలోనే విడి గ్యాస్కెట్ ఉండదు. యంత్రం కొలిచినట్టుగా సిలికాన్ వరస పెట్టి బిగిస్తుంది. అలాంటి చాంబర్‌ను విప్పితే తిరిగి సిలికాన్‌తోనే బిగించాలి. ప్యాకింగ్ కాగితం కత్తిరించి మధ్యలో పెడితే లెక్కలో లేని మందం వచ్చి చేరుతుంది.

ఎక్కడ వేయకూడదు

హెడ్ గ్యాస్కెట్ మీద సిలికాన్ పూయకూడదు. సిలిండర్‌లో మండే వాయువు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. దాని ఒత్తిడిని ఏ పేస్టూ ఆపలేదు. పైగా హెడ్ గ్యాస్కెట్‌లో ఆయిలుకూ కూలెంటుకూ సన్నని రంధ్రాలుంటాయి, పిండిన సిలికాన్ వాటిని మూసేస్తుంది. స్టీలు పొరల గ్యాస్కెట్ మీద కంపెనీ ముందే పలుచని పూత వేసి ఇస్తుంది. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ కవర్ కలిసే మూలలో చుక్క పెట్టమని కంపెనీయే చెబుతుంది. ఆ సూచన ఉన్నచోట తప్ప హెడ్ గ్యాస్కెట్‌ను పొడిగానే వేయాలి.

అచ్చు పోసిన రబ్బరు గ్యాస్కెట్ మీద నిండా సిలికాన్ పూయడం షెడ్లలో తరచుగా జరిగే పొరపాటు. రెండు పొరలుంటే రెట్టింపు భద్రత అనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం. పచ్చి సిలికాన్ జారుడుగా ఉంటుంది. బోల్టు బిగించేకొద్దీ రబ్బరు ఆ జారుడు మీద పక్కకి జరిగి, గాడిలోంచి బయటికి తోసుకొస్తుంది. పొడిగా ఉంటే లోహాన్ని పట్టుకుని కదలకుండా నిలిచే గ్యాస్కెట్, పూత వేసినందువల్లే లీకవుతుంది. ఓ రింగులకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటికి కొద్దిగా ఆయిలు రాసి కూర్చోబెడితే చాలు.

పెట్రోలు తగిలేచోట మామూలు సిలికాన్ పనికిరాదు. పెట్రోలును పీల్చుకుని అది ఉబ్బుతుంది, మెత్తబడి ముక్కలవుతుంది. కార్బురేటర్, ఫ్యూయల్ పంపు ప్యాకింగులకు దాన్ని దూరంగా ఉంచాలి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర పెట్రోలు ఇంజిన్లలో వాయువు వేడి 800 డిగ్రీలు దాటవచ్చు. ఎర్ర ట్యూబు మీద ఎక్కువ వేడికి అని రాసి ఉన్నంత మాత్రాన అది అక్కడ నిలవదు. ఆ అతుకుకు లోహపు గ్యాస్కెట్ వేయాలి.

ఎక్కువ వేస్తే జరిగేది

బిగించినప్పుడు అతుకులో పట్టని సిలికాన్ రెండు పక్కలా బయటికి వస్తుంది. బయటివైపు వచ్చింది కంటికి కనిపిస్తుంది, గుడ్డతో తుడిచేయవచ్చు. అంతే మోతాదు లోపలివైపు కూడా వస్తుంది. అది ఎవరికీ కనిపించదు. గట్టిపడి అంచున వేలాడుతూ, వేడి ఆయిలు తాకిడికి కొంతకాలానికి తెగి చాంబర్‌లో పడుతుంది.

ఇలా తెగిన ముక్కలు చేరే చోటు ఆయిల్ స్ట్రైనర్. చాంబర్ అడుగున మునిగి ఉండే జల్లెడ లాంటి మూతి అది. పంపు ఆయిలును దాని ద్వారానే పీల్చుకుంటుంది. ధారాళంగా సిలికాన్ వాడిన ఇంజిన్ చాంబర్‌ను విప్పి చూస్తే ఆ జల్లెడ కళ్లకు సేమ్యా ముక్కల్లాంటి రబ్బరు తుంపులు అతుక్కుని ఉంటాయి. కొన్ని వేలితో లాగినా రావు. జల్లెడలో సగం మూసుకుపోతే ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో బేరింగులు, క్యామ్‌షాఫ్ట్, క్రాంక్ బేరింగులు ఆయిలు అందక అరిగిపోతాయి. చుక్క లీకు ఆపబోయి ఇంజిన్‌నే విప్పాల్సిన పరిస్థితి వస్తుంది. కూలెంటు వైపు కూడా ముక్కలు రేడియేటర్ సన్న గొట్టాల్లో, థర్మోస్టాట్ వాల్వులో ఇరుక్కుంటాయి.

అందుకే ఎక్కువ అతుకులకు సుమారు 3 మిల్లీమీటర్ల లావు వరస చాలు. ఆ వరస బోల్టు రంధ్రాలకు లోపలివైపుగా, ఎక్కడా తెగకుండా సాగాలి. రంధ్రాల బయటి నుంచి వేస్తే ఆయిలు బోల్టు మర వెంబడి కారుతుంది. అడుగు మూసుకున్న బోల్టు రంధ్రాల్లో సిలికాన్‌గానీ ఆయిలుగానీ నిలిచి ఉండకూడదు. అక్కడ బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక పోతలోహం పగిలే ప్రమాదముంది.

పని జరగాల్సిన క్రమం

ఎంత మంచి సీలెంట్ అయినా మురికి ముఖానికి అతుక్కోదు. ఫలితాన్ని నిర్ణయించేది ఎక్కువగా శుభ్రమే. పాత గ్యాస్కెట్ పొరను ముందు ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయాలి. అల్యూమినియం మెత్తని లోహం. ఉలి, స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పడే గాటు కొత్త లీకుకు కాలువ అవుతుంది. గ్రైండర్‌కు తగిలించే ఎమరీ చక్రాలు త్వరగా శుభ్రం చేస్తాయి గానీ వాటినుంచి రాలే సానపొడి ఇంజిన్ లోపల పడితే బేరింగులను అరగదీస్తుంది. గీకడం అయ్యాక బ్రేక్ క్లీనర్ లాంటి జిడ్డు మిగల్చని ద్రవంతో, నూలు రాలని గుడ్డతో రెండు ముఖాలనూ తుడవాలి. డీజిల్‌తో తుడిచి వదిలేస్తే నూనె పొర మిగులుతుంది.

ఆ తర్వాత ముఖం సమంగా ఉందో లేదో చూడాలి. వంకర లేని స్టీలు పట్టీని ముఖం మీద ఆనించి, కింద ఫీలర్ గేజ్ అనే పలుచని కొలత రేకు దూరుతుందేమో పరీక్షిస్తారు. రేకు చాంబర్లలో గతంలో ఎక్కువ బిగించడం వల్ల బోల్టు రంధ్రాల చుట్టూ రేకు లోపలికి సొట్టపడి ఉంటుంది. చదునైన దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో దాన్ని సరిచేయాలి. ఇది వదిలేసి సిలికాన్ లావుగా వేస్తే రంధ్రాల మధ్య ఒత్తిడి చాలక లీకు మళ్లీ మొదలవుతుంది.

వరస పెట్టాక పొర కట్టేలోపు, అంటే 5 నుంచి 10 నిమిషాల్లో భాగాన్ని కూర్చోబెట్టాలి. మీగడ కట్టిన సిలికాన్ ఎదుటి ముఖానికి అంటుకోదు. భాగాన్ని అటూ ఇటూ జరపకుండా ఒకేసారి నేరుగా దించాలి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల చాంబర్ బోల్టుకు చాలా కార్లలో సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చెబుతారు. మీటరు పొడవున్న కడ్డీ చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే పడే బలం అంతే. పొడుగు పానాతో చేతిబలం చూపిస్తే దానికి ఎన్నో రెట్లు పడుతుంది. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడితే ఊహ మీద ఆధారపడనక్కర్లేదు.

కొన్ని ట్యూబుల మీద వెంటనే పూర్తిగా బిగించమని, కొన్నిటి మీద చేత్తో బిగించి గంట ఆగి పూర్తిచేయమని ఉంటుంది. ఆ సూచనే పాటించాలి. ఆయిలు, కూలెంటు పోసే ముందు కూడా చెప్పినంతసేపు ఆగాలి. మామూలు రకాలకు రాత్రంతా వదిలేయడం మేలు. సాయంత్రంలోగా బండి కావాలని యజమాని తొందరపెడితే సగం ఆరిన అతుకు మీద వేడి ఆయిలు పడుతుంది.

ట్యూబు ఎంచుకోవడం

బాత్రూమ్ పలకల సందుల్లో వేసే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు చాలావరకు పుల్లటి ఘాటు వాసన వేస్తుంది. అది వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం వాసన. ఆ ఆమ్లం లోహాన్ని, సెన్సర్ కనెక్షన్లను తినేస్తుంది. ఇంజిన్ కోసం చేసిన మంచి రకాలు ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదలవు.

రెండో సంగతి ఆక్సిజన్ సెన్సర్. ఇంజిన్ అడుగుభాగంలో పేరుకునే ఆవిరిని బయటికి వదలకుండా తిరిగి సిలిండర్లలోకి పంపి మండిస్తారు. ఆరుతున్న సిలికాన్ వదిలే ఆవిరి కూడా ఆ దారినే పోయి మండుతుంది. మండగా మిగిలేది సిలికా, అంటే ఇసుకలోని పదార్థమే. ఎగ్జాస్ట్ గొట్టంలో ఉండే సెన్సర్ మీద అది తెల్లటి పొరలా కడితే సెన్సర్ తప్పుడు లెక్క చెబుతుంది. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 కార్లు ఈ సెన్సర్ల మీద మరింతగా ఆధారపడతాయి. కాబట్టి సెన్సర్‌కు హాని చేయనిదని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనాలి.

ఎరుపు, నలుపు, బూడిద, నీలం రంగులకు అన్ని కంపెనీలకూ వర్తించే ఒకే ప్రమాణం లేదు. సాధారణంగా ఎరుపు ఎక్కువ వేడికి, నలుపు ఆయిలుకు, బూడిదరంగు గట్టిగా బిగించే అతుకులకు అమ్ముతారు. రంగు చూసి కాక, ట్యూబు మీది అక్షరాలు చదివి ఎంచుకోవాలి. గడువు తేదీ కూడా చూడాలి. పాతబడిన పేస్టు ముద్దలు కట్టి సరిగా ఆరదు. పని అయ్యాక మూత గట్టిగా పెట్టకపోతే తేమ దూరి మూతిలోనే రబ్బరవుతుంది.

సిలికాన్‌కు బదులు మరో రకం కావాల్సిన అతుకులూ ఉన్నాయి. గేర్‌బాక్స్ రెండు సగాల్లాగా మిషను మీద నునుపు చేసిన గట్టి ముఖాలకు అనరోబిక్ సీలెంట్ నప్పుతుంది. గాలి అందకుండా లోహం మధ్య నలిగినప్పుడే అది గట్టిపడుతుంది. లోపల పిండిన భాగం గాలి తగిలి ద్రవంగానే ఉండి ఆయిల్లో కలిసిపోతుంది కనుక ముక్కల బెడద ఉండదు. అయితే ముఖాల మధ్య సందు ఎక్కువుంటే అది పనిచేయదు. పలుచని రేకు మూతలకు వంగే గుణమున్న సిలికానే తగినది.

అన్నీ సరిగా చేసినా లీకు ఆగకపోతే

కొత్త గ్యాస్కెట్, శుభ్రమైన ముఖం, సరైన బిగువు ఉన్నా కొన్ని నెలలకే ఆయిలు కారితే కారణం అతుకులో ఉండకపోవచ్చు. పిస్టన్ రింగులను దాటి కొంత వాయువు ఎప్పుడూ చాంబర్‌లోకి దిగుతుంది. దాన్ని పైకి లాగే పీసీవీ వాల్వు మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న అతుకునో సీలునో తోసుకుని ఆయిలు బయటికి వస్తుంది. ఒకచోట సిలికాన్‌తో మూస్తే మరోచోట నుంచి వస్తుంది. ఈ వాల్వును శుభ్రం చేయడమో మార్చడమో చేస్తే కొన్ని లీకులు గ్యాస్కెట్ ముట్టుకోకుండానే తగ్గుతాయి.

లీకు ఎక్కడ మొదలైందో కూడా ముందే తేల్చుకోవాలి. బండి పరుగులో గాలి ఆయిలును వెనక్కి, కిందికి తోస్తుంది. ట్యాపెట్ కవర్ నుంచి కారింది చాంబర్ అంచున చుక్కై వేలాడుతుంది. ఇంజిన్‌ను కడిగి ఆరబెట్టి, కాసేపు నడిపి, పైనుంచి కిందికి దీపం వేసి చూస్తే మొదటి తడి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ తడి ఉన్న అతుకునే విప్పాలి. విప్పకుండా అతుకు మీద బయటినుంచి సిలికాన్ పూస్తే లీకు ఆగదు. ఆయిలు కారుతున్న చోట అది అతుక్కోదు, తర్వాత విప్పేవారికి మాత్రం లీకు మూలం కనపడకుండా పోతుంది. పని పూర్తయ్యాక రెండు మూడు రోజులు నడిపి అదే చోటును దీపంతో మళ్లీ చూడాలి. అంచు పొడిగా ఉంటే అతుకు కుదిరినట్టే.